మూడు యూనిట్ల ఇల్లు

16 అక్టోబర్ 2024, బుధవారం. కరీంనగర్

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పని మీద ఊళ్లు తిరిగినప్పుడు నా దగ్గర రెండు పుస్తకాలుండేవి. ఒకదాంట్లో ధరలు, రెండోదాంట్లో నా మాటలు. గణాంక శాఖ నుంచి రిటైరై పదిహేనేళ్లయింది. ఈ రోజు మళ్లీ రెండో పుస్తకం తెరిచాను. మళ్లీ పని వచ్చింది.

తమ్ముడు రామేశ్వర్‌రావు ఆదిలాబాద్ నుంచి ఫోన్ చేశాడు. వాడి జిన్నింగ్ మిల్లులో పత్తి సీజన్ మొదలుకాక ముందే కూలి పెంచాలని పనివాళ్లు పట్టుబట్టారు. ఇప్పుడిచ్చేది రోజుకు 460. వాళ్లు 700 అడుగుతున్నారు. వీడు 500 దాటనంటున్నాడు. వారం రోజులు పంచాయితీ నడిచాక ఒక మాట మీదికి వచ్చారు. ఒక కుటుంబం బతకడానికి నిజంగా ఎంత కావాలో తెలిసిన మనిషితో లెక్క కట్టించాలి. ఏ అంకె వస్తే దానికి రెండేళ్లు ఇద్దరూ కట్టుబడాలి.

"నీ పేరు నేను చెప్పలే అక్కా. వాళ్ల పెద్దమనిషి హనుమండ్లే చెప్పిండు. సంతల ధరలు రాసుకుంట చాయ్ గూడ ముట్టకపోతుండె గా మేడం, ఆమె కడితే మాకు సమ్మతే అన్నడు."

నిజమే. ధర రాసే మనిషి దుకాణంలో చాయ్ తాగకూడదు. ముప్పై ఏళ్ల కిందటి సంగతి ఆ మనిషికి గుర్తుండటం నాకు సంతోషం కలిగించింది. ఒప్పుకున్నాను. బస్సు చార్జీలు కూడా నావే అని చెప్పాను.

18 అక్టోబర్, శుక్రవారం

ఫారాలు గీసుకున్నాను. పద్ధతి పాతదే, దేశమంతా ఒప్పుకున్నదే. సంపాదించే మనిషి తినే తిండి ఒక యూనిట్. భార్య 0.8. ఇద్దరు పిల్లలు 0.6 చొప్పున 1.2. మొత్తం మూడు. మూడు యూనిట్లకు తిండి, ఆ పైన కిరాయి, బట్టలు, మందులు, బడి, పొయ్యి ఖర్చు. దాన్ని ఇరవై ఆరు పనిదినాలతో భాగిస్తే రోజు కూలి.

మనవరాలు ప్రజ్ఞ బ్యాంకు నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే నా భుజం మీంచి చూసింది.

"మన ఇంటికి గిదే లెక్క పెడితే నేనొకటి. నువ్వెంత నానమ్మా?"

నాకు పెన్షన్ ఉందన్నాను. అది అడగలే అంది. ఉద్యోగం వచ్చినప్పటి నుంచి దీనికి నోరు పెరిగింది.

సాయంత్రం తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు. ఒక్క ఊరి ధరలతో తీస్తే ఎవరో ఒకరు తప్పుపడతారు, మూడు చోట్ల తీసి సగటు కట్టమన్నాడు. పనివాళ్లలో కరీంనగర్ దిక్కువాళ్లూ ఉన్నారు, శ్రీరాంపూర్ దిక్కువాళ్లూ ఉన్నారు. మాట సబబుగానే ఉంది. ఒక్కచోటి ధర కంటే మూడు చోట్ల సగటు నమ్మదగింది. అది నేనే ఎందరికో నేర్పాను.

20 అక్టోబర్, ఆదివారం

శ్రీరాంపూర్ వెళ్లి వచ్చాను. మంచిర్యాల దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. నాతో పనిచేసిన జమున అక్కడ కాలనీలోనే ఉంటుంది. బొగ్గుబాయి కార్మికుల ఇళ్లు మూడు చూపించింది. క్వార్టర్ కంపెనీది. నీళ్లు, కరెంటు కంపెనీవి. జబ్బు చేస్తే కంపెనీ ఆసుపత్రి. కిరాయి గడిలో సున్నా పెట్టాల్సి వచ్చింది. నెలకు మొత్తం 11,310.

కరీంనగర్‌ది నిన్ననే తీశాను. 17,640.

సున్నా గడి నాకు కొంచెం గుచ్చుకుంది. కానీ ఉన్నది ఉన్నట్టు రాయాలి.

22 అక్టోబర్, మంగళవారం. ఆదిలాబాద్

హనుమండ్లు ఒక ఇల్లు చూపించాడు. ఫారానికి కొలిచి కుట్టినట్టున్న ఇల్లు. బుచ్చిరాములు మిల్లులో పత్తి ఎత్తే పని చేస్తాడు. భార్య జ్యోతిరాణి. కూతురు ప్రవళిక ఎనిమిదో తరగతి, కొడుకు ఐదు. సరిగ్గా మూడు యూనిట్లు.

ఒక్కటే రేకుల గది, కిరాయి 2,500. ముందు చిన్న అరుగు, దానికి ప్లాస్టిక్ పట్టా కట్టారు. ఆ అరుగు మీద బుచ్చిరాములు తల్లి సత్తవ్వ కూర్చుని ఉంది.

జ్యోతిరాణికి ధరలన్నీ నోటికి వచ్చు. కందిపప్పు కిలో 165 అని నేను రాయబోతే ఆపింది. కిలో ఎవరు కొంటారు మేడం, మేము పావుకిలో కొంటం, అట్ల కిలోకు 180 పడుతది అంది. నూనె కూడా చిన్న ప్యాకెట్లే. నేను 180 రాశాను. ఇలాంటి చోటే కదా లెక్క నిజమయ్యేది. చలికాలం నాలుగు నెలలూ కట్టెలకు నెలకు 900 అంది. అదీ రాశాను. ఈ ఊరి చలి నాకు తెలుసు.

సత్తవ్వ నా చేతినే చూస్తూ కూర్చుంది.

"గింత సన్నగ రాస్తున్నవేంది దొర్సానీ? కాయిదం పిరమైందా?"

నన్ను దొర్సాని అనొద్దని, మేడం అంటే చాలని చెప్పాను. ఆ మాట తన నోటికి తిరగదంది. ఆమె కూడా మిల్లుకే పోతుంది. పత్తి కుప్ప ముందు కూర్చుని ఆకులు, పసుపు పత్తి ఏరి పడేసే పని. అలాంటి ముసలివాళ్లు మొత్తం పదకొండు మంది. రోజుకు 180.

"మీ తమ్ముని పత్తి నేనేరితేనే తెల్లగైతది. లేకుంటే నా నెత్తి లెక్కనే ఉంటది," అని తల మీది కొంగు తీసి నెరిసిన జుట్టు చూపించింది. జ్యోతిరాణి నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది.

సత్తవ్వ ఖర్చు కూడా అడిగి విడిగా రాశాను. తిండి 1,880. బీపీ మందులు 430. మిగతావి 290. మొత్తం 2,600.

జొన్న రొట్టె తినమంది. నేను పని మీద వెళ్లిన ఇంట్లో తినను. కోపం తెచ్చుకోలేదు. "మంచిది, మీ తమ్మునింట్ల తిను. ఆడ నెయ్యి ఉంటది," అంది.

పింఛన్ వస్తుందా అని అడిగాను. వస్తుంది కానీ ఆమె కార్డు ఖానాపూర్‌లో ఉంది, పెద్ద కొడుకు ఇంటి పేరు మీద. పింఛను డబ్బు, రేషన్ బియ్యం అక్కడికే పోతాయి. ఆ కొడుకుతో మాటల్లేవు. ఆరేళ్ల నుంచి ఇక్కడే ఉంటుంది.

27 అక్టోబర్, ఆదివారం. కరీంనగర్

ఆదిలాబాద్ మొత్తం 16,230. సత్తవ్వను కలపకుండా.

మా పనిలో ఒక నియమం ఉంది. నెల రోజులు ఒకే పొయ్యి మీద వండింది తిన్నవాళ్లు ఆ ఇంటి మనుషులు. కార్డు ఎక్కడుందన్నది లెక్కలోకి రాదు. కొత్తగా చేరిన పిల్లలకు ఈ నియమం నేనే చెప్పేదాన్ని.

కానీ సత్తవ్వను కలిపితే ఇల్లు మూడు యూనిట్లు దాటుతుంది. పద్ధతిలో వృద్ధులకు యూనిట్ లేదు. ఒక్క ఇంటి కోసం పద్ధతి మార్చానంటే తమ్ముడి తోటి మిల్లువాళ్లు మొత్తం లెక్కనే కొట్టిపారేస్తారు. పైగా ఆమె పేరు ఖానాపూర్ కార్డులో ఉంది. పింఛను కూడా వస్తోంది. ఎవరికి వస్తోందన్నది వాళ్ల ఇంటి గొడవ.

ఆ 2,600 మీద గీత కొట్టాను. ఆమె సంపాదించే 180 కూడా లెక్కలోకి రాదు కాబట్టి రెండు వైపులా న్యాయంగానే ఉంది.

మూడు చోట్లవి కలిపితే 45,180. సగటు 15,060. రోజుకు 579 రూపాయల 23 పైసలు.

మూడుసార్లు కూడి చూశాను. లెక్క సరిగ్గానే ఉంది.

30 అక్టోబర్, బుధవారం. ఆదిలాబాద్

సంతకాలయ్యాయి. రోజుకు 579. ఒక్కసారిగా 119 పెరిగింది. హనుమండ్లు కాగితం రెండుసార్లు చదివి, ఇంతకుముందు ఎవరూ మా ఇండ్లల్లకు వచ్చి పావుకిలో ధర రాసుకోలేదన్నాడు.

పద్ధతిలోని మూల సూత్రం కూడా చివర రాయమని తమ్ముడు కోరాడు. ఆనందంగా రాశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను మొదట బట్టీపట్టిన వాక్యం అదే: ఇంటి ఆడవాళ్ల, పిల్లల, వృద్ధుల సంపాదన మీద ఆధారపడకుండా, పనిచేసే ఒక్కరి కూలితో కుటుంబం గౌరవంగా బతకాలి.

తమ్ముడు ఆ వాక్యం అందరి ముందు పైకి చదివాడు. చప్పట్లు కొట్టారు.

9 నవంబర్, శనివారం. కరీంనగర్

తమ్ముడి ఫోన్. సోమవారం నుంచి పత్తి ఏరే ముసలివాళ్లు పదకొండు మందినీ రావద్దన్నాడట. వృద్ధుల సంపాదన మీద ఇల్లు నడవకూడదని ఒప్పందంలోనే ఉంది కదా అన్నాడు. "నువ్వు రాసిందే గద అక్కా."

10 నవంబర్, ఆదివారం

రాసింది నేనే. ఆ వయసులో పొద్దంతా దూదిదుమ్ములో కూర్చోవడం ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇక విశ్రాంతిగా ఉంటారు. కొడుక్కి కూలి పెరిగింది కూడా.

23 నవంబర్, శనివారం

ఫారాలు తీసి మళ్లీ కూడి చూశాను. లెక్క సరిగ్గానే ఉంది.

12 డిసెంబర్, గురువారం

మధ్యాహ్నం జ్యోతిరాణి ఫోన్ చేసింది. నంబరు హనుమండ్లు ఇచ్చాడట. అత్తను మళ్లీ పనికి పెట్టుకోమని మీ తమ్మునికి ఒక మాట చెప్పండి అని అడిగింది. ఇంట్లో ఊరికే కూర్చోలేకపోతుందట.

నేను నిదానంగానే వివరించాను. ఒక్కరి కూలితో ఇల్లు నడవాలన్నదే ఈ లెక్క పునాది, దాన్ని మనమే తప్పితే రేపు కూలి తగ్గిస్తారు అని.

"మరి గా కూలిల మా అత్త ఉన్నదా మేడం?"

నేను అబద్ధం చెప్పను. పద్ధతిలో వృద్ధులకు యూనిట్ లేదని చెప్పాను. ఆమె కార్డు ఖానాపూర్‌లో ఉంది కాబట్టి లెక్క ప్రకారం ఆమె ఈ ఇంటి మనిషి కాదని కూడా చెప్పాను.

"సరే మేడం, పెడతున్న," అంది.

13 డిసెంబర్, శుక్రవారం

లెక్క సరిగ్గానే ఉంది.

20 డిసెంబర్, శుక్రవారం

పేపర్లో వేశారు, ఆదిలాబాద్‌లో ఆరు డిగ్రీలని. ఇక్కడ పదమూడు. మూడు చోట్ల సగటు కట్టినప్పుడు కట్టెల 900 కాస్తా 300 అయింది. కరీంనగర్‌లో కట్టెలు కొనరు. శ్రీరాంపూర్‌లోనూ కొనరు.

చలికి సగటు ఉండదు. ఈ మాట నాకు అక్టోబర్‌లో ఎందుకు తోచలేదు?

ప్రజ్ఞతో ఒక దుప్పటి కొనిపించి సత్తవ్వ ఇంటికి బస్సు పార్శిల్‌లో పంపాను. నా పేరు రాయలేదు. ఎందుకు రాయలేదో కూడా ఇక్కడ రాయను.

8 జనవరి 2025, బుధవారం

ఉదయం హనుమండ్లు ఫోన్ చేశాడు. సత్తవ్వ పోయింది.

9 జనవరి, గురువారం. ఆదిలాబాద్ బస్సులో

గుండెపోటు అన్నారట. బీపీ ముందు నుంచే ఉంది. వయసు డెబ్బై దగ్గర. చలి. లెక్కకూ దీనికీ సంబంధం లేదు.

నిర్మల్ దాటింది. లెక్కకూ దీనికీ సంబంధం లేకపోతే నేను ఈ బస్సులో ఎందుకున్నాను?

10 జనవరి, శుక్రవారం. ఆదిలాబాద్

ఈ రోజు మూడో రోజు. పిట్టకు పెట్టారు.

పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, చితి కాలిన చోట విస్తట్లో పెట్టి, దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని, ఒక్కొక్కరూ ముందుకొచ్చి మాట ఇస్తారు. పిల్లలను చూసుకుంటం, అప్పు తీరుస్తం, మనసుల ఏం పెట్టుకోకు అని. గంటలు గంటలు పట్టిన రోజులు నేను చూశాను. మా అత్తగారికి మధ్యాహ్నం రెండయింది.

జ్యోతిరాణి కోడికూర వండింది. జొన్న రొట్టెలు, కల్లు, ప్లాస్టిక్ కప్పులో చాయ్. మోదుగాకు విస్తట్లో అన్నీ సర్ది బుచ్చిరాములు లేచాడు. నేను కూడా మనసులో ఒక మాట సిద్ధం చేసుకుని వచ్చాను. కాకి రాకపోతే ముందుకు వెళ్లి లెక్కలో తప్పు చేశానని, దిద్దుతానని చెప్పాలని. బస్సులోనే అనుకున్నాను. పైకి ఒప్పుకోలేదు గానీ అనుకున్నాను.

ఆ అవసరం రాలేదు. బుచ్చిరాములు నాలుగడుగులు వెనక్కి వేశాడో లేదో, కాకి దిగింది. వెంటనే మరొకటి. మేము ఇంకా నిలబడే చోటికి చేరనే లేదు. రొట్టె ముక్క ఎత్తుకుని అక్కడే తిన్నది.

అందరికీ ప్రాణం నిమ్మళమైంది. మంచి మనిషి, ఏ కోరిక లేకుండా పోయింది అన్నారు. ఎవరో వృద్ధుడు చేతులెత్తి మొక్కాడు.

జ్యోతిరాణి నా పక్కనే నిలబడి ఉంది. నాకు మాత్రమే వినపడేలా అంది.

"ఆకలి మీదున్నది."

తిరిగి వచ్చేటప్పుడు మిగతాది చెప్పింది. ఏడవలేదు, గట్టిగా కూడా అనలేదు. డిసెంబర్‌లో నాకు ఫోన్ చేసినప్పుడు స్పీకర్ పెట్టిందట. సత్తవ్వ పక్కనే ఉంది. అన్నీ విన్నది.

"గా రోజు నుంచి రాత్రి బువ్వ బందు చేసింది మేడం. అరుగుతలేదు అనేది. బీపీ గోలి రోజు తప్పించి రోజు వేసుకున్నది. నాకు తెల్వలే, పోయినంక డబ్బ చూస్తే గోలీలు ఎక్కువ మిగిలినయి. ఒక్కపారి మాత్రం అన్నది. నేను మీ ఇంటి మనిషిని కాదంట, గా సదువుకున్నామె చెప్పింది, ఆమె తప్పు చెప్పది అన్నది."

నేను పంపిన కొత్త దుప్పటి పిల్లలిద్దరి మీద ఉంది. ఇంట్లో అన్నిటికంటే పెద్ద దుప్పటి కాబట్టి సత్తవ్వే వాళ్లకు కప్పిందట.

11 జనవరి, శనివారం

తమ్ముడి ఇంట్లో కూర్చుని ఈ తీసివేత చేశాను. అక్టోబర్‌లోనే చేయాల్సింది. రెండు నిమిషాల పని.

ఒప్పందానికి ముందు ఆ ఇంటికి: కొడుకు 460, తల్లి 180. ఇరవై ఆరు రోజులకు 16,640.
ఒప్పందం తర్వాత: కొడుకు 579, తల్లి లేదు. 15,054.

నేను కూలి పెంచిన తర్వాత ఆ ఇంటికి నెలకు 1,586 తగ్గింది.

ఆదిలాబాద్ ధరలతో, సత్తవ్వను ఇంటి మనిషిగా రాసి ఉంటే 18,830. రోజుకు 724. వాళ్లు మొదట అడిగింది 700.

లెక్క తప్పు. లెక్క తప్పు.

12 జనవరి, ఆదివారం

తమ్ముడితో చెప్పాను. వాడు తింటున్నాడు. చెయ్యి ఆపి అంతా విన్నాడు. నన్ను పెంచింది నువ్వే అక్కా, నీ మాట కాదంటనా అన్నాడు. ఆ తర్వాత కాదన్నాడు. రెండేళ్ల ఒప్పందం, లెక్క కింద సంతకం నీదే అన్నాడు. ముసలివాళ్లను తీసుకున్నా, కూలి పెంచినా మిగతా మిల్లులవాళ్లు తనను బతకనివ్వరట.

అంత కచ్చితంగా ఉంటే నలుగురిలో చెబుతానన్నాను. చెప్పు అన్నాడు.

20 జనవరి, సోమవారం. ఆదిలాబాద్

మిల్లు ఆఫీసులో కూర్చున్నాం. తమ్ముడు, మరో ఇద్దరు మిల్లువాళ్లు, హనుమండ్లు, లేబర్ ఆఫీసు నుంచి ఒక అధికారి. నేను నిలబడే చెప్పాను. సగటు కట్టకూడని చోట కట్టాను, ఒకే పొయ్యి మీద తినే మనిషిని కార్డు చూసి తీసేశాను, రెండూ నా తప్పులే, సరైన అంకె 724.

తమ్ముడు మెల్లగా, ఎంతో మర్యాదగా అన్నాడు.

"అక్కకు డెబ్బై మూడేండ్లు సార్. ఈ నడుమ జర యాదిమరుపు. మొన్న ఎవలకో దుప్పటి పంపింది, పేరు రాసుడు గూడ మర్చిపోయింది. గా ముసలామె పోయినప్పటి నుంచి మనసు బాగలేదు. మేమే దవాఖానకు చూపిస్తం."

దుప్పటి సంగతి ప్రజ్ఞ చెప్పి ఉంటుంది, ఏదో మాటల్లో.

అక్టోబర్‌లో నేను తప్పు చెప్పినప్పుడు ఒక్కరు కూడా నా వయసు అడగలేదు.

అధికారి మంచివాడే. నన్ను కూర్చోమని నీళ్లు ఇప్పించాడు. మాటతో కాదమ్మా, కాగితం కావాలి అన్నాడు. తీసేసిన ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి, ఇంట్లో ఎందరున్నారో కొత్తగా ఫారాలు నింపి, ఇంటివాళ్ల సంతకాలతో ఫిబ్రవరి పది లోపు ఇస్తే సీజన్ ఉండగానే విచారణకు పిలుస్తానన్నాడు.

పదకొండు ఇళ్లు. ఇప్పుడు పది.

బయటికి వచ్చాక హనుమండ్లు నా సంచి అందుకున్నాడు. "మతి తప్పినోళ్లు గింత సక్కగ తప్పు ఒప్పుకోరు మేడం," అన్నాడు. నవ్వించాలని చూశాడు. నవ్వలేకపోయాను.

తమ్ముడి ఇంటికి వెళ్లలేదు. ఇకముందు కూడా వెళ్లను.

21 జనవరి, మంగళవారం. కరీంనగర్

ప్రజ్ఞ ఏడ్చింది. మామూలుగా అడిగితే చెప్పిన నానమ్మా అంది. నీ తప్పు కాదన్నాను. అన్నం పెట్టింది. రాత్రి కూడా తిన్నాను. తింటూనే ఉన్నాను, ఒక్క పూట కూడా మానలేదు.

3 ఫిబ్రవరి, సోమవారం. ఆదిలాబాద్

లాడ్జిలో దిగాను. జ్యోతిరాణి తోడు వస్తానంటే ఆశ్చర్యపోయాను. మా అత్త కోసం కాదు, ఆమెకు ఇగ ఏం కావాలె, మిగిలిన పది మంది కోసం అంది.

ఈ రోజు ఆరు ఇళ్లు తిరిగాం.

మొదటి ఇంట్లో నలుగురమన్నారు. ముసలివాళ్లు లేరా అని అడిగితే లేరన్నారు. రెండో ఇంట్లో ముగ్గురు. మూడో ఇంటికి తాళం. నాలుగో ఇంట్లో అరుగు మీద మంచం ఉంది, మంచం కింద గుడ్డలో చుట్టిన ఆకూవక్కా ఉన్నాయి, ఇంట్లో మాత్రం నలుగురే. ఐదు, ఆరు కూడా అంతే.

నాకు అర్థం కాలేదు. ఫారం నింపి సంతకం పెడితే కూలి పెరుగుతుందని ప్రతి ఇంట్లో విడమరచి చెప్పాను. సందు మలుపులో జ్యోతిరాణి ఆగింది.

"భయపడుతున్నరు మేడం. మొన్న మీరు రాసినంక ముసలోళ్ల పని పోయింది. ఇప్పుడు మళ్ల రాస్తే కొడుకుల పని పోతదని మిల్లుల అనుకుంటున్నరట. ఇంట్ల తినెటోళ్లు ఎక్కువున్నోళ్లకు కూలి ఎక్కువియ్యాలె గద, అసొంటోళ్లను ముందుగాల తీసేస్తరని."

"అట్లా జరగదు," అన్నాను.

"జరగదని మీరు చెప్తున్నరు," అంది జ్యోతిరాణి. దెప్పడానికి అనలేదు.

4 ఫిబ్రవరి, మంగళవారం

మిగిలిన నాలుగు ఇళ్లలో మూడింట అదే మాట.

చివరిది పర్శరాములు ఇల్లు. అతను మిల్లులో ఉన్నాడు. భార్య బయటే నిలబడి, కూర్చోమని కూడా అనకుండా జవాబులు చెప్పింది. కిరాయి 2,200. కట్టెలు 900. ఇంట్లో ఎందరు అంటే నలుగురం అంది. ఐదేళ్ల చిన్న కూతురు ఆమె కొంగు పట్టుకుని నన్నే చూస్తోంది.

నలుగురు అని రాయబోతుండగా లోపల ఎవరో దగ్గారు. ఆ దగ్గును నోట్లో గుడ్డ పెట్టుకుని ఆపుకుంటున్నట్టు తెలుస్తోంది. అయినా ఆగలేదు. పర్శరాములు భార్య నేల చూపులు చూసింది. నేను పెన్ను ఎత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాను. కాసేపటికి తలుపు తెరుచుకుంది. సత్తవ్వ వయసే ఉంటుంది. సన్నటి మనిషి. గడప దాటకుండా రెండు చేతులూ జోడించింది.

"నన్ను రాయకు దొర్సానీ. నీ కాల్మొక్త. నేను గీ ఇంటిదాన్ని కాదు. చుట్టపుచూపుగ వచ్చిన. రేపు పోత."

ఇంకా ఏదో చెప్పబోయింది గానీ దగ్గు అడ్డం వచ్చింది. జ్యోతిరాణి మొహం పక్కకు తిప్పుకుంది. ఆ చిన్నపిల్ల మాత్రం తల్లి కొంగు వదిలి, గడప దగ్గరికి పోయి ముసలామె చీర పట్టుకుంది.

"యాడికి పోతవ్ నాయినమ్మా?"

ముసలామె కొంగుతో నోరు మూసుకుంది. తల్లి నా చేతిలో ఫారం వైపు చూసింది. పిల్ల చివరికి నా వైపు చూసింది.